అత్త కోసం కొట్టిన దేవదారు

కొండ మీద వెదురు పూసిన ఏడే మా అత్త మంచం పట్టింది. ఈ రెండింటికీ సంబంధం లేదని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. మా అత్త చెవులు చివరిదాకా బాగానే పనిచేశాయి. ఏది ఎక్కించుకోవాలన్నది మాత్రం ఆవిడ ఇష్టం.

"చూశావుటే," అంది ఒకనాడు, మంచంలోంచే కిటికీ వైపు గడ్డంతో చూపించి. "కొండంతా పూసింది. వెదురు చచ్చేముందే పూస్తుంది, అదీ ఒక్కసారే. నాకూ కబురొచ్చినట్టే."

"నువ్వెప్పుడు పూశావని అత్తా, చావడానికి?" అన్నాను.

"నోరు మూసుకుని అంబలి పొయ్యి. పల్చగా పోసేవు, పీనుగ నోట్లో పోసినట్టు."

అది ఎనభై మూడో సంవత్సరం. మా షీబాన్ ఊరికి మా ఇల్లే చివరిది. మా మొక్కజొన్న చేను దాటితే అడవి ఆఫీసువాళ్ళ హద్దురాళ్ళు, వాటిని దాటితే వెదురు, వెదురు నడుమ పాత దేవదారులు. వేసవిలో పూసిన ఆ సన్నవెదురు ఆకురాలు కాలం వచ్చేసరికి గడ్డివామిలా ఎండిపోయింది. గాలి వీస్తే కొండంతా గలగలమనేది.

ఆ వెదురు తిని బతికేవి తెల్లెలుగులు. ఆఫీసువాళ్ళు పాండాలంటారు. చెంగ్‌డూ పట్నం నుంచి వచ్చే పెద్దలు దేశం సొత్తంటారు. మాకు చిన్నప్పటి నుంచీ అవి తెల్లెలుగులే. ఎవరి జోలికీ పోకుండా రోజంతా కూచుని వెదురు నమిలే జాతి. ఇప్పుడు నమలడానికి ఏమీ లేక, పచ్చగా మిగిలిన వేరే రకం వెదురు కోసం ఎంతో కిందికి దిగి, మళ్ళీ ఎక్కి, తిరుగుతున్నాయి. కొన్ని వాగుల పక్కన చచ్చిపడి కనిపించాయి. ఆఫీసువాళ్ళు ఊరూరా మనుషుల్ని కూడగట్టి జట్లు కట్టారు. నీరసపడ్డవి కనిపిస్తే పట్టి తెమ్మన్నారు. మా ఊరి జట్టుకు పెద్ద జుంఫా అన్న. మా అత్తకు స్వయానా మేనల్లుడు. అడవి ఆఫీసులో కాపలా ఉద్యోగం ఆయనది. మాట మెత్తన, మనిషి గట్టి.

అత్త బెంగ మాత్రం వెదురు గురించి కాదు, పెట్టె గురించి.

మా వైపు అరవై దాటిన వాళ్ళకు, బతికుండగానే, చచ్చాక పడుకునే పెట్టె చేయించి అటక మీద ఉంచాలి. దాన్ని ఆయువు పెట్టె అంటాం. అది ఇంట్లో ఉంటే పెద్దవాళ్ళ ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. పెరిగినా పెరగకపోయినా, పెట్టె లేని తల్లిని చూస్తే ఊరు కొడుకు వైపు చూస్తుంది. మా అత్తకు డెబ్బై దాటాయి. మామగారు బతికుండగా దాచిన మంచి పలకలు సర్కారు ఊరూరా ఉక్కు కరిగించే బట్టీలు పెట్టించిన ఏడు వంటచెరకు కింద పట్టుకుపోయి కాల్చేశారు. ఆ తర్వాత అంత చెట్టు మా చేతికి దొరకలేదు. కింది వాలులో మిగిలినవన్నీ నా జబ్బంత లావు.

"ఆ హె ఇంటి ముసలిదాని పెట్టె చూశావా, అద్దంలా ఉంది నల్లరంగు," అనేది అత్త. "అందులో విత్తనం జొన్నలు పోసుకుంది ముండ. చచ్చాక కూడా బలిసే ఉంటుంది. నన్నేమో చాపలో చుట్టి పారేస్తారు, చచ్చిన కుక్కని పారేసినట్టు."

"అమ్మా, చేయిస్తానన్నా కదా," అనేవాడు మా ఆయన చెంగ్‌గుయ్.

"ఎప్పుడు? నేను పోయాక కొలతలు తీసుకుంటావా?"

ఆయన తల వంచుకుని బయటికి పోయేవాడు. తల్లి తిట్టిందని కాదు ఆయన బాధ. తిట్లలో భయం వినిపించేది, అది భరించలేకపోయేవాడు. నేను కూడా. మా అత్తతో నాకు పడేది కాదు. అలాగని ఆవిడ నిద్రలో చేతులతో పక్కలు తడుముకుంటూ, "గాలి... గాలి వస్తోంది," అని కలవరిస్తుంటే వింటూ పడుకోవడం ఏ కోడలి వల్లా కాదు.

మొక్కజొన్న కోతలు అయ్యాక ఒక పొద్దున కొండ మీది నుంచి పొగమంచు మా గుమ్మం దాకా దిగింది. చేతిలో చెంబు కంటికి కనిపించనంత మంచు. చెంగ్‌గుయ్ రంపం సంచిలో చుట్టి, "వస్తావా?" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. పెద్ద రంపానికి ఇద్దరు కావాలి. ఊళ్ళో ఇంకెవరిని పిలిచినా ఆ మాట సాయంత్రానికి జుంఫా చెవిలో ఉంటుంది. ఆరు నెలల మా చంటిదానికి కడుపునిండా పాలిచ్చి, బుట్టలో పడుకోబెట్టి, బుట్టను అత్త మంచం పక్కకు జరిపాను.

"దీన్ని చూస్తుండత్తా. పుల్లలకు పోయొస్తాం."

"ఇంత మంచులో పుల్లలా?" అంది. మళ్ళీ తనే, "పోండి పోండి," అంది.

హద్దురాళ్ళు దాటి చాలాసేపు ఎక్కాం. ఆ చెట్టును ఆయన ఎప్పుడో చూసి పెట్టుకున్నాడు. ఇద్దరం చేతులు చాపి పట్టుకున్నా అందనంత మాను. గొడ్డలి వెనక్కి తిప్పి తట్టి చూశాడు.

"మొదట్లో బోలుగా ఉంది. పైన గట్టి. ఛాతీ ఎత్తున కోద్దాం."

మాను చుట్టూ ఎండువెదురు మూసుకుపోయి ఉంది. బోలు వాకిలి ఏ పక్కనుందో మేము చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. పాతచెట్టు బోలుగా ఉండటం వింతేమీ కాదు. రంపం లాగుతుంటే పొట్టు తడిసి ముద్దగా పడింది. మంచు చప్పుడంతా మింగేసింది. మధ్యలో ఒకసారి సన్నగా ఏదో అరిచినట్టనిపించి లాగడం ఆపాను.

"రంపం బిగుస్తోంది, అంతే. లాగు," అన్నాడు.

చెట్టు కింది వాలులోకి ఒరిగి పడింది. నేల అదిరింది. అప్పుడు, మంచులోంచి, మళ్ళీ అదే అరుపు. ఈసారి కుక్కపిల్ల గొంతులా స్పష్టంగా వినిపించింది.

మొద్దు మీదికి ఎగబాకి లోపలికి చూశాను. బోలులో మెత్తగా విరిచి పరిచిన వెదురు పుల్లలు, పుచ్చుచెక్క పొట్టు, వాటి మీద తెల్లెలుగు పిల్ల. మా ఇంటి పిల్లికన్నా కొంచెం చిన్నది. కళ్ళు అప్పుడప్పుడే తెరుచుకున్నట్టున్నాయి. ఒళ్ళంతా మేము కోసిన తడిపొట్టు. ఇందాకటిదాకా దానికి పైకప్పుగా ఉన్న చోట ఇప్పుడు నా మొహం ఉంది.

చేయి కిందికి పెట్టి చూశాను. పుల్లలు వెచ్చగా ఉన్నాయి.

"తల్లి ఇప్పుడే వెళ్ళినట్టుంది," అన్నాను.

"వెదురంతా చచ్చాక తల్లెక్కడుంది? ఎక్కడో పడిపోయుంటుంది. వదిలేసి పోయుంటుంది."

"నేను మన చంటిదాన్ని బుట్టలో పెట్టి వచ్చాను. వదిలేసి వచ్చానా?"

మంచు చినుకులుగా మారి బోలులోకి పడటం మొదలైంది. కింద పడ్డ చెట్టు వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. కప్పు లేని ఇంట్లో దాన్ని ఉంచితే తల్లి వచ్చేలోపు తడిసి చస్తుందని ఇద్దరికీ తెలుసు. నేనే దాన్ని తీసి పైచొక్కాలో పెట్టుకున్నాను. అది నా ఒంటికి అతుక్కుని ముక్కుతో వెతుకులాడింది.

ఇంటికొచ్చాక అత్త దాన్ని తన దుప్పట్లోకి లాక్కుంది. బాట పక్కన దొరికిందని చెప్పాం.

"మొహానికి మసి పూసుకుని పుట్టిందేమే ఇది," అంటూ మేకపాలలో గుడ్డ ముంచి నోట్లో పెట్టింది. "తాగవే, తాగు. నీకూ ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరు."

"మేమంతా ఏమయ్యాం అత్తా?" అన్నాను.

"మీరుంటే నా పెట్టె ఏది?"

కబురు విని జుంఫా అన్న పరుగున వచ్చాడు. పిల్లను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడ దొరికింది బావా?"

"కింది బాట పక్కన. వాగు మలుపులో," అన్నాడు చెంగ్‌గుయ్.

"బాట పక్కనా? ఈ ఈడు పిల్ల తొర్ర వదిలి పాకలేదు. తల్లి నోట కరుచుకుని పోతూ జారవిడిచిందేమో. సరిగ్గా చోటు చెప్పు బావా. తల్లి బతికుంటే అక్కడే తిరుగుతుంటుంది. పిల్లను అక్కడే పెట్టేస్తే మళ్ళీ తీసుకుపోతుంది. మనం పెంచితే ఇంత చిన్నవి బతకడం కష్టం."

నేను చెంగ్‌గుయ్ మొహం చూశాను. ఆయన పొయ్యి గుంటలో నిప్పు ఎగదోస్తున్నాడు.

"వాగు మలుపులో అన్నానుగా."

హద్దు లోపల చెట్టు కొడితే జైలు. అది ఊరందరికీ మైకులో చెప్పిన మాట. జుంఫా అన్న వాగు మలుపు చుట్టూ పొద్దుగూకేదాకా వెతికాడు, మర్నాడూ వెతికాడు. అక్కడ ఏముంటుంది, మా అబద్ధం తప్ప. చివరికి పిల్లను కింద ఆఫీసు గదికి పట్టుకుపోయి సీసాపాలు పట్టడం మొదలుపెట్టాడు. మా ఆయనకు మాత్రం ఊరి ముందు ఎర్రపువ్వు గుచ్చి, పెద్ద పింగాణీ బేసిను బహుమతిగా ఇచ్చారు. దేశం సొత్తును కాపాడిన రైతు అని మైకులో పేరు చదివారు. ఆయన తేలుకుట్టిన దొంగలా నిలబడి పువ్వు గుచ్చించుకున్నాడు. ఇంటికొచ్చి ఆ బేసినును పందుల కొట్టం వెనక బోర్లించాడు. నేను తెచ్చి లోపల పెడితే మళ్ళీ తీసుకుపోయి అక్కడే పెట్టాడు.

మంచు కమ్మిన రోజులు చూసుకుని మాను అక్కడే పలకలు చేసి, జొన్నచొప్ప కింద దాచి దించాం. ఎగువ లోయలో మా పుట్టింటివాళ్ళ దగ్గర కొన్నామని అత్తకూ ఊరికీ చెప్పాం. పెట్టెలు చేసే పూ మేస్త్రి వచ్చి మా పశువుల కొట్టంలో పని మొదలుపెట్టాడు. ఎక్కడిదని అడగలేదు. చెక్క మీద అరచేయి ఆనించి, "ఇలాంటిది చేసి చాలా ఏళ్ళయింది," అన్నాడు, అంతే. ఇల్లంతా దేవదారు వాసన. ఆ వాసన వస్తుంటే అత్తకు ఆకలి పుట్టింది. పొగబెట్టిన పందిమాంసం కావాలంది. ఊళ్ళో ముసలమ్మలందర్నీ పిలిపించి చూపించింది. హె ముసలమ్మను రెండుసార్లు పిలిపించింది.

మూత బిగించకముందు, తనను మోసుకెళ్ళి అందులో పడుకోబెట్టమంది. నేనూ మా ఆయనా ఎత్తి పడుకోబెట్టాం. ఎంత తేలికైపోయిందో మనిషి! భుజాలు అటూ ఇటూ ఆనించి చూసుకుంది. కళ్ళు మూసుకుంది.

"గాలి రాదు," అంది. అని నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు. "ఒరేయ్ చెంగ్‌గుయ్, బతికించావురా నన్ను."

ఆయన కొట్టం బయటికి పోయి గోడకు మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేను చూడనట్టే లోపలికి వచ్చేశాను.

పెట్టెకు రంగు ఆరుతున్న రోజుల్లోనే తెల్లెలుగు ఒకటి మా చేలదాకా దిగింది. పగలే తిరిగేది. హద్దురాళ్ళ దగ్గరికి వచ్చి, ఆగి, మేక అరిచినట్టు అరిచి, మళ్ళీ పైకి పోయేది. ఆకలికి పిచ్చెత్తిందన్నారు అంతా. జుంఫా అన్న జట్టు మా చేను అంచున బోను పెట్టి, దాని దగ్గర మేక ఎముకలు కాల్చింది. వెదురు తినే జాతే కానీ కాలిన ఎముక వాసనకు ఎంత దూరం నుంచైనా వస్తుంది తెల్లెలుగు. ఇది వాసనకు వచ్చినట్టు నాకనిపించలేదు. ఎముకల వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా మా ఇంటి వైపు నడిచి వస్తూ బోనులో పడింది.

పట్టిన బోనును మోకులు కట్టి దుంగల మీద మోశారు. ముందు దుంగ చెంగ్‌గుయ్ భుజం మీద ఉంది. ఊరంతా చూడ్డానికి వచ్చింది. నేను చంటిదాన్ని వీపున కట్టుకుని వెళ్ళాను. బోనులో అది వెన్ను ఆనించి మనిషిలా కూచుని ఉంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. రొమ్ము దగ్గర నల్లబొచ్చు తడిసి, అట్టకట్టి ఉంది. వాన లేదు. నేను దగ్గరికి వంగి చూశాను. పాలు.

నా రవిక తడిసింది. వీపున చంటిది ఏడవలేదు, ఏమీ లేదు. ఊరికే తడిసింది.

"వాగు వైపు నుంచి కాదు, పైనుంచి దిగింది. ముసలిదయ్యుంటుంది, పాపం," అంటున్నాడు జుంఫా అన్న ఎవరితోనో. "చెంగ్‌డూ పంపిస్తాం. అక్కడ డాక్టర్లున్నారు. లారీ బాట మీద సిద్ధంగా ఉంది."

దుంగ కింద చెంగ్‌గుయ్ నా వైపు చూశాడు. నేనేం చూశానో ఆయనకు తెలిసింది. దుంగ భుజం మార్చుకుని ముందుకు నడిచాడు.

ఇంటికొచ్చేదాకా ఆగాను. గుమ్మంలోనే అందుకున్నాను.

"అది తల్లి. పాలు కారుతున్నాయి. పిల్ల కింద ఆఫీసులో ఉంది, తల్లి లారీలో పోయింది. రెండూ బతికే ఉన్నాయయ్యా. జుంఫా అన్నకు ఒక్క మాట చెబితే చాలు, పిల్లనీ చెంగ్‌డూ పంపిస్తారు. చెప్పు."

"ఏమని చెప్పను? తొర్ర ఎక్కడంటాడు. మొద్దు చూస్తాడు."

"చూడనీ."

"చూస్తే నన్ను తీసుకుపోతారు. పోనీ, నేను పోతాను, నా సంగతి సరే. పెట్టె తీసుకుపోతారే! అమ్మ ఇవాళో రేపో అన్నట్టుంది. ఎందులో పెట్టమంటావు అమ్మని? చాపలోనా? ఆ నవ్వు చూశావుగా నువ్వు కూడా!"

ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు దుఃఖం. చెడ్డవాడైతే తిట్టిపోసేదాన్ని. నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. కింద ఆఫీసులో పిల్లకు దగ్గు పట్టుకుందని, పాలు కక్కేస్తోందని దారినపోయేవాళ్ళు చెప్పారు. నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, ఆయన పని కల్పించుకుని బయటికి పోతూనే ఉన్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఎటూ తేలడం లేదు. అయిదో నాడు సరాసరి అత్త మంచం ముందే రెట్టించాను. గొంతు తగ్గించాననే అనుకున్నాను.

"ఒరేయ్," అంది అత్త మంచంలోంచి. "ఆ దేవదారు ఎక్కడిదిరా?"

"దెషియూ పుట్టింటివాళ్ళ దగ్గర..." అన్నాడు ఆయన నన్ను చూపిస్తూ.

"దాని పుట్టింటివాళ్ళకు పొయ్యిలోకి పుల్లల్లేవు. నాకు తెలీదా? పడుకుని చూశానురా ఆ పెట్టెలో. అంత చెట్టు హద్దు ఇవతల ఒక్కటి లేదు. నోరు మూసుకుని ఊరుకున్నాను, ఆశపడి. పిల్ల అందులో ఉందా?"

ఆయన పొయ్యి వైపు తిరిగాడు.

"నిన్నే. నా పెట్టె కొట్టినప్పుడు పిల్ల అందులో ఉందా?"

"ఉందత్తా," అన్నాను నేను.

మా అత్త కప్పు వైపు చూసింది. తిడుతుందని ఎదురుచూశాం. తిడితే బాగుండేది.

"జుంఫాను పిలవండి," అంది.

జుంఫా అన్న వచ్చి మంచం పట్టె మీద కూచున్నాడు. ఆవిడ తిన్నగా విషయానికి వచ్చింది.

"హద్దు లోపల దేవదారు కొట్టించింది నేను. మొద్దు చూపిస్తారు, పోయి చూసుకో. పిల్ల ఆ తొర్రలోది. నువ్వు లారీ ఎక్కించింది దాని తల్లిని. పిల్లను తీసుకుపోయి తల్లి దగ్గర వెయ్యి, ఇవాళే."

జుంఫా అన్న మొహం పాలిపోయింది. చెంగ్‌గుయ్ వైపు చూశాడు.

"అత్తా, నువ్వు మంచం దిగి ఎన్నాళ్ళయింది? చెట్టు నువ్వు కొట్టావంటే ఎవరు నమ్ముతారు?"

"కొట్టించానన్నాను. కొట్టానన్నానా? తల్లి చెబితే కొడుకు చేశాడు. నీ కాగితాల్లో అట్లా రాసుకో. పెట్టె కొట్టంలో ఉంది, పట్టుకుపో."

"నా చేత్తో నా మేనత్త పెట్టె మోయించమంటావా?"

"మరి నీకెందుకురా ఆ ఉద్యోగం?" అంది అత్త. తర్వాత గొంతు తగ్గించి, "తొందరగా పోరా నాయనా," అంది.

ఆయన లేచి పరుగు తీశాడు. ఆ సాయంత్రమే పిల్లను దూదిబుట్టలో పెట్టుకుని ఉత్తరాల బండిలో తనే చెంగ్‌డూ బయల్దేరాడు. మర్నాడు ఆఫీసు మనుషులు వచ్చి పెట్టె ఎత్తుకుపోయారు. పూ మేస్త్రి మూత మీద రంగు పెళ్ళ ఊడకుండా గోనెలు చుట్టి ఇచ్చాడు. కొట్టంలోంచి అది బయటికి పోతుంటే అత్త కిటికీ వైపు తిరగలేదు. వెళ్ళాక నన్ను పిలిచింది.

"కోడలా, అంబలి పొయ్యి. పల్చగానే పొయ్యి, పర్లేదు."

చెంగ్‌గుయ్‌ని అప్పుడే తీసుకుపోలేదు. తల్లి ఉన్నన్నాళ్ళు ఉండమన్నారు. ఆ తర్వాత ఏడాదంతా కూలి లేకుండా కొండ మీద మొక్కలు నాటాలన్నారు. ఆయన తల్లి మంచం పక్కనే నేల మీద చాప వేసుకుని పడుకునేవాడు. ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. ఆవిడ చెయ్యి మాత్రం కిందికి వేలాడి ఆయన తల మీద ఉండేది.

జుంఫా అన్న తిరిగొచ్చిన రోజు కొండ మీద తొలి మంచు పడింది. బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, ఆ రోజు కొంచెం నేర్చుకుని వచ్చుంటే బాగుండునని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

"చేర్చావా?" అంది అత్త.

"చేర్చానత్తా."

"మరి?"

"దారిలోనే పోయింది. దగ్గు ముదిరి రొమ్ము పట్టేసింది దానికి. ఊపిరి ఆడలేదు. ఇంకా నాలుగు రోజుల ముందైతే ఏమోనన్నారు డాక్టర్లు."

చెంగ్‌గుయ్ పొయ్యి గుంటలో పుల్ల ఒకటి వేసి, మళ్ళీ తీశాడు.

"తల్లికి చూపించారా?" అంది అత్త.

"పనికిరాదన్నారు. నేనే బతిమాలి ఇప్పించాను. ఒళ్ళో పెట్టుకుందత్తా. నాకింది శుభ్రంగా. రొమ్ముకు ఆనించుకుని కూచుంది. తీసుకోబోతే ఇవ్వలేదు. నేను బయల్దేరేటప్పటికి కూడా ఇవ్వలేదు."

అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత గుడ్డతో నోరు తడిపినా మింగలేదు. రెండో మంచు పడిన రోజున పోయింది. పోయే ముందు చేతులతో పక్కలు తడుముకుంది కానీ ఏమీ కలవరించలేదు.

కబురు వినగానే జుంఫా అన్న ఆఫీసులో ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో, పెట్టె విడిపించుకున్నాడు. చెట్టు ఎలాగూ పోయింది, ముసలామె తనంతట తనే చెప్పింది కాబట్టి ఇచ్చేయొచ్చన్నారట పెద్దలు. ఎనిమిది మంది మోసుకుని మంచులో మా వాకిలి దాకా తెచ్చారు. నల్లరంగు మీద తెల్లగా మంచు పడి ఉంది. ఊరి ముసలమ్మలు వచ్చి నిలబడ్డారు. హె ముసలమ్మ ముక్కు చీదుతూ, "అదృష్టవంతురాలు, ఆఖరికి దక్కింది," అంది.

చెంగ్‌గుయ్ గుమ్మంలోంచి లేచి వెళ్ళి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పెట్టె కోసం జైలుకైనా సిద్ధపడ్డ మనిషి. దాన్ని చూస్తూ మూత మీది మంచు చేత్తో తుడిచాడు. దించమంటాడనుకున్నాను.

"తీసుకుపో జుంఫా," అన్నాడు.

"బావా, ఇప్పించుకొచ్చాను. ఎవరూ ఏమీ అనరు. మేనత్త ఆవిడ నాకు."

"అమ్మ ఇచ్చేసింది దాన్ని. ఇచ్చేసిన దాంట్లో ఎట్లా పడుకుంటుంది? తీసుకుపో."

మోసేవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వెనక్కి తిరిగారు. ఆయన లోపలికి వచ్చి గొడ్డలి తీసుకుని మా ఇంటి వీధితలుపు బందులు ఊడగొట్టాడు. రెండు రెక్కలూ దించి, అటక మీది పలకలు కొన్ని పీకి, పూ మేస్త్రి ముందు పడేశాడు. మేస్త్రి మారుమాట లేకుండా వాటితోనే పెట్టె బిగించాడు. భుజాల దగ్గర కొంచెం ఇరుకైంది. నేనే అత్త భుజాలు సర్ది, సందుల్లో పాతగుడ్డలు కుక్కాను, గాలి రాకుండా.

ఆ చలికాలమంతా మా ఇంటికి తలుపు లేదు. గుమ్మానికి గోనెపట్టాలు కట్టాం. మంచు సందుల్లోంచి లోపలికే పడేది, చంటిదాన్ని నా చొక్కాలో కట్టుకుని పడుకునేదాన్ని. కొత్త తలుపు చేయిద్దామని నేను అనలేదు, ఆయనా అనలేదు.